కొండగట్టు ఎక్కిన ఇంజను

సుదర్శన్ ఎదుట "బొమ్మ" అనే మాట ఎత్తకూడదని కోరుట్ల బస్టాండు చుట్టుపక్కల అందరికీ తెలుసు. అతనిది ఫ్లెక్సీలు, రేడియం స్టిక్కర్ల దుకాణం. పెళ్లికో, పుట్టు వెంట్రుకలకో ఫ్లెక్సీ చేయించుకోవడానికి వచ్చినవాడు అతని వెనకున్న అద్దాల అలమారలోకి తొంగిచూసి, "అన్నా, రైలు బొమ్మ మస్తుగున్నదే" అన్నాడా, ఇక అంతే. సుదర్శన్ మొహం మబ్బు పట్టేది. ఆ మనిషి పెళ్లి ఫ్లెక్సీ అప్పగింతలయ్యాక చేతికొచ్చేది.

"బొమ్మ గాదన్నా, మోడల్. అసలు ఇంజన్ల ఎనభై ఏడో వంతు. అండ్ల మెట్టు ఎంత వెడల్పుంటే దాంట్ల ఎనభై ఏడో వంతే గిండ్ల. బొమ్మంటే జాతరల అమ్మేది, పోరగాళ్లు తాడు గట్టి గుంజేది" అని ఓపికున్న రోజు విడమరిచి చెప్పేవాడు. ఓపిక లేని రోజు కంప్యూటర్ వైపు తిరిగిపోయేవాడు.

ఆ మాట మీద అతనికి అంత మంట ఊరికే రాలేదు. అది యోహాను పెట్టిన వాత.

యోహాను రైలు డ్రైవరు, జగిత్యాల మనిషి. కోరుట్ల స్టేషన్‌కు మొదటి ప్యాసింజరును తోలుకొచ్చింది ఆయనే. ఆ పూట ఊరు ఊరంతా స్టేషన్లోనే ఉంది. ముదురాకుపచ్చ రంగు, నడుముకు మీగడ రంగు పట్టీ ఉన్న డీజిల్ ఇంజను, నెత్తి మీద పొగ కక్కుతూ, కాళ్ల కింద నేల వణికిస్తూ వచ్చి ఆగింది. కుర్రాళ్లు దాని మూతికి బంతిపూల దండ కట్టారు. పట్టాల మీద నిమ్మకాయలు పెట్టారు. సుదర్శన్ తల్లి చిన్నవ్వ కొంగున మూటగట్టి తెచ్చిన అంజన్న సిందూరంతో ఇంజనుకు బొట్టు పెట్టబోయింది. మూతి అందలేదు. ముందు రెండు పక్కలా పళ్లెమంత పళ్లెమంత ఇనుప బఫర్లు ఉంటాయి కదా, ఎడమ దాని మీద బొటనవేలితో ఒక్క బొట్టు పెట్టి, దిగివచ్చి నిలబడ్డ డ్రైవరు గుండెల మీద అదే చేత్తో తట్టి, "సల్లంగుండు కొడుకా" అంది. యోహాను చర్చికి పోయే మనిషి. అయినా నవ్వుతూ రెండు చేతులూ జోడించాడు.

ఇంజనును చూసిన సుదర్శన్ మాత్రం నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. రాయికల్ పక్కన పల్లెలో పుట్టినవాడు, పెళ్లీడు వచ్చేదాకా రైలు మొహం చూడనివాడు. ఆ రోజు దాన్ని సెల్‌ఫోన్లో తీసిన ఫొటోలతో ఇంటికి వచ్చాడు. నెల తిరక్కుండా ఫ్లెక్సీ దుకాణంలో మిగిలిన ప్లాస్టిక్ షీటు ముక్కలు కోసి, అతికించి, రంగేసి, జానెడుకు కాస్త తక్కువ పొడవుతో ఒక ఇంజను తయారు చేశాడు. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఆ ఉత్సాహంలో దాన్ని సంకలో పెట్టుకుని జగిత్యాల స్టేషన్‌కు పోయి, డ్యూటీ దిగుతున్న యోహాను చేతిలో పెట్టాడు.

యోహాను కళ్లద్దాలు పెట్టుకున్నాడు, తీశాడు, తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"తమ్మీ, చక్రాలు సూసినవా?"

"ఆరు జతలు పెట్టిన గదన్నా. ముంగట మూడు, ఎనుక మూడు."

"మూడింటి నడుమ దూరం అంతా ఒక్కతీరు పెట్టినవ్. నా బండికి రెండు ఇరుసులు దగ్గరగుంటయి, ఒకటి ఎడంగుంటది. కింద మోటర్లుంటయి, గందుకు. ఇంక పట్టాలు గూడ ఇరుకు పెట్టినవ్. మన దేశంల పట్టాల నడుమ అయిదున్నర ఫీట్లుంటది." ఇంజనును జాగ్రత్తగా తిరిగి ఇస్తూ, నొప్పించాలని కాదు, మెచ్చుకుంటూనే అన్నాడు: "బొమ్మ మంచిగున్నది."

అదిగో, ఆ మాట. సుదర్శన్ బస్సులో కూర్చుని కోరుట్ల దాకా కిటికీలోంచి బయటికే చూశాడు. ఇంటికొచ్చి దాన్ని మంచం కింద తోశాడు. ఎప్పటికైనా ఆ మనిషి నోటితోనే "ఇది నా బండి" అనిపించుకోవాలని ఆ రోజే మనసులో ముడేసుకున్నాడు.

రెండో ఇంజను ఏళ్ల తరబడి సాగింది. రైలు క్రాసింగ్ కోసం ఆగినప్పుడల్లా సుదర్శన్ ప్లాట్‌ఫారం మీద టేపు పట్టుకుని కనిపించేవాడు. యోహాను కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏం తమ్మీ, నా బండికి అంగి కుట్టిస్తున్నవా?" అని ఆటపట్టించేవాడు. పట్టాలను బజారులో కొనకుండా సుదర్శన్ తానే పరిచాడు, మన దేశపు వెడల్పు సరిపోయేలా. చేతికడ్డీలకు సన్నటి గట్టి తీగ కావలసి వస్తే సిరిసిల్ల పోయాడు. అతని బావమరిది ముత్యం అక్కడ సాంచాలు నడుపుతాడు. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అనే అంటారు. పోగుల నడుమ దువ్వెనలా నిలబడే, సన్నటి ఉక్కు పళ్లున్న పాత రీడు ఒకటి అటక మీద నుంచి దించి ఇస్తూ ముత్యం, "బావా, రేపు నీ ఇంజను నడవకుంటే నా సాంచ పండ్లు నాకు వాపస్ తెచ్చియ్యాలె మల్ల" అన్నాడు. ఇంజను పక్కన గాలి పీల్చే జాలీకి భార్య ఊర్మిళ మగ్గం వర్కు జాకెట్లలో మిగిలిన నెట్ గుడ్డ పనికొచ్చింది. ఆమె అడిగేది ఒక్కటే: "ఏమయ్యా, పెండ్లయిననాటి సంది నా ముక్కు మీద పుట్టుమచ్చ ఏ పక్కకున్నదో జెప్పు సూద్దాం?" అతను కుడి అనేవాడు. అది ఎడమ పక్క.

ఈలోపు లైనంతా కరెంటు తీగలు పడ్డాయి. పచ్చ ఇంజను ఎటు పోయిందో పోయింది. యోహాను కరెంటు బండి ఎక్కాడు. ఆయన రిటైరవుతున్నాడని కబురు వచ్చింది. ఆదివారం చర్చి అయ్యాక జగిత్యాలలో ఇంటి ముందు షామియానా వేసి భోజనాలు పెడుతున్నారు.

శుక్రవారం సాయంత్రం ఇంజను పూర్తయింది. ఒంగిన వైపరు, చెరిగిన అంకె, పొగగొట్టం చుట్టూ మసి, కింద డీజిల్ కారిన చార, చక్రాల మీద ఎర్రమట్టి, ఏదీ వదలలేదు. దాన్ని ఇంట్లో బల్ల మీద పెట్టి వెనక్కి జరిగి చూసుకున్నాడు. చాట ముందేసుకుని బీడీలు చుడుతున్న చిన్నవ్వ కత్తెర పక్కన పెట్టి వచ్చి వంగి చూసింది.

"మంచిగైందిరా కొడుకా బొమ్మ."

"అవ్వా!" సుదర్శన్ గొంతు పెరిగింది. "ఎన్నిసార్లు జెప్పాలె? బొమ్మ గాదు. బండి. గిది కొత్త బండి. ఇంకోసారి బొమ్మంటే నేను ఊకోను, ఆ."

"బండా?"

"బండే."

"కొత్త బండి?"

"కొత్త బండి."

చిన్నవ్వ పోయి మళ్లీ చాట ముందు కూర్చుంది. ఆకులో తంబాకు పోసి చుడుతూ ఏదో ఆలోచనలో పడింది. ఆ ఆలోచన ఏమిటో అప్పుడే అడిగి ఉంటే సుదర్శన్‌కు మరుసటి రోజు అన్ని తిప్పలుండేవి కావు.

శనివారం పొద్దున మెట్‌పల్లిలో ఒక ఫ్లెక్సీ కట్టించి వచ్చేసరికి బల్ల మీద ఇంజను లేదు.

"ఊర్మిళా, ఇంజనేది?"

"నువ్వు వట్టుకవోలేదా? నువ్వే తీస్కవోయినవనుకున్న."

"అవ్వేది?"

"సత్యవ్వ ఇంటికి వోయిందనుకున్న."

పక్కింటి సత్యవ్వ గోడ మీంచి తల పైకెత్తి, "మా ఇంటికి రాలే. పొద్దుగాల్నే బస్సెక్కింది. చాట మీద తువ్వాల కప్పుకొని గింత భద్రంగ వట్టుకున్నది. పిల్లిపిల్లనేమన్న తీస్కవోతున్నవా అంటే నవ్వింది" అంది.

సుదర్శన్ ఫోన్ చేశాడు. చాలాసేపు మోగాక తల్లి ఎత్తింది. వెనక గంటలు, హారన్లు, ఎవరో కోతిని అదిలిస్తున్న అరుపులు.

"అవ్వా, యాడున్నవే?"

"లైన్ల ఉన్న కొడుకా."

"ఏం లైన్ల?"

"కొండగట్టు మీద. బండ్ల పూజ లైన్ల. నా ముంగట ట్రాక్టరున్నది, ఎనుక కారున్నది. అయ్యగారు నైవేద్యానికి లోపటికి వోయిండ్రట, జర ఆలస్యమైతున్నది."

"బండ్ల లైన్ల నువ్వేం జేస్తున్నవే? బండేది నీకు?"

"బండేది అంటవేందిరా! నీ బండే. చాటల ఉన్నది."

ఈ చుట్టుపక్కల ఎవరు కొత్త బండి కొన్నా, అది స్ప్లెండరైనా సరే, వరికోత మిషనైనా సరే, ముందు కొండగట్టు అంజన్న దగ్గరికి తీసుకుపోయి పూజ చేయించాకే రోడ్డెక్కిస్తారు. సుదర్శన్ మోటారు సైకిలుకూ ఆయన దగ్గరే బొట్టు పెట్టించింది ఆ తల్లి. కొత్త బండి అని రెండుసార్లు గట్టిగా చెప్పింది తనేనాయె.

"అవ్వా, ఆగు. ఏం జేయనియ్యకు. నేనస్తున్న."

"రా కొడుకా, రా. ఓనరు లేకుంటే ఎట్లని నేనూ అదే అనుకుంటున్న."

జగిత్యాల మీదుగా కొండగట్టు దాకా అతను బండి నడిపిన తీరు ఊర్మిళకు తెలిస్తే ఆ సాయంత్రమే తాళం దాచేసేది. గుట్ట ఎక్కి, బండి ఒక పక్క పడేసి, కొబ్బరికాయల దుకాణాల నడుమ నుంచి పరుగెత్తాడు. ట్రాక్టరు పూజ అయిపోయి పక్కకు జరిగింది. ఆ ఖాళీలో, అంత పెద్ద సిమెంటు గచ్చు మధ్యలో, బీడీల చాట మీద అతని ఇంజను ఉంది. దాని ముందు పూజారి గొంతుక్కూర్చున్నాడు. అప్పటికే పసుపు అయింది. మూతి మీద మూడు సిందూరపు బొట్లు, ఒక్కొక్కటి బొటనవేలంత. అసలు ఇంజను మీద ఆ లెక్కన పెడితే ఎడ్లబండి చక్రమంత అవుతుంది ఒక్కో బొట్టు.

"ఆగుండ్రి!" అని అరిచాడు.

"గో, ఓనరచ్చిండు!" అంది చిన్నవ్వ గొప్పగా. జనం రెండు పాయలుగా చీలి దారిచ్చారు.

"రా నాయనా," అన్నాడు పూజారి నిమ్మళంగా. "గోత్రం జెప్పు."

"అయ్యగారూ, ఇది... ఇది బండి గాదు..." అనబోయి సుదర్శన్ నాలుక కరుచుకున్నాడు. తల్లి అతని మొహంలోకే చూస్తోంది. చుట్టూ ముప్పై మంది చూస్తున్నారు. బండి కాకపోతే ఏమిటది? ఆ మాట తన నోటితో తాను ఎలా అంటాడు?

గోత్రం చెప్పాడు.

పూజారి కొబ్బరికాయ కొట్టాడు. ఆ నీళ్లు ఇంజను నెత్తి మీదా నాలుగు చుక్కలు పడ్డాయి. ఇక నిమ్మకాయలు. బుట్టలో చిన్నది ఏరి పెట్టినా అది ఇంజనుకు భుజం దాకా వచ్చింది. పూజారి గడ్డం గోక్కుని, కత్తి తీసుకుని కాయను కోసి, పల్చటి బిళ్లలు రెండు ముందు చక్రాల కింద పెట్టాడు.

"ఊఁ, తోలు."

"అన్నా, జల్ది ఎక్కి తోలన్నా, ఎనుక మేమున్నం!" అని కారువాడు కిటికీలోంచి అరిచాడు. అందరూ నవ్వారు. సుదర్శన్ మోకాళ్ల మీద కూర్చుని రెండు వేళ్లతో ఇంజనును నెట్టాడు. నిమ్మరసం చిమ్మి చక్రాల మీది ఎర్రమట్టి రంగులోకి, ఇరుసుల్లోకి పోయింది. ఎక్కడి నుంచో ఒక కోతి దిగి ఇంజను వైపు చెయ్యి చాచింది. చిన్నవ్వ చెప్పు ఎత్తేసరికి కొబ్బరి ముక్కతో సరిపెట్టుకుని పోయింది.

తిరుగు దారిలో తల్లి వెనక కూర్చుని చాట ఒళ్లో పెట్టుకుంది.

"కోపమొచ్చిందా?" అంది ఆమె.

"లేదు."

"అచ్చింది. చెవులు ఎర్రగైనయి."

"ఆగం జేసినవే అవ్వా. రేపు యోహానన్నకు ఏం సూపియ్యాలె నేను? గా మనిషి చక్రం నడుమ దూరమే వట్టుకున్నోడు. గీ మూతిని జూసి ఏమంటడు?"

"బండి అన్నవ్, బండికి జేసేది జేసిన. రేపటి సంది బొమ్మ అను, కొండగట్టు గాదు గదా, వాకిలి గూడ దాటియ్య."



ఇంటికొచ్చి సుదర్శన్ స్పిరిట్లో దూది ముంచి మొదటి బొట్టు తుడిచాడు. నూనెలో కలిపిన సిందూరం కదా, తేలిగ్గా పోలేదు. గట్టిగా రుద్దితే పోయింది, దానితోపాటు కిందున్న పచ్చ రంగు కూడా లేచి వచ్చింది. మూతి మీద తెల్లటి ప్లాస్టిక్ కనిపించింది. సుదర్శన్ దూది అక్కడ పడేసి కుర్చీలో కూలబడ్డాడు.

"రేపు నేను పోను. నువ్వూ అవ్వా వోయి తినిరాండ్రి."

ఊర్మిళ ఇంజనును పైకెత్తి వెలుతురులో తిప్పి చూసింది. "మూతి వరకే గదా. రంగేస్తే అయిపోతది. గా రంగు ఎట్ల కలిపినవో ఫొటో సూస్కో, మల్ల కలుపు."

అతను అయిష్టంగానే కంప్యూటర్ తెరిచాడు. కోరుట్లకు రైలు వచ్చిన రోజు ఫొటో. చక్రాలు, మెట్లు, కడ్డీలు కొలవడానికి లెక్కలేనన్ని సార్లు చూసిందే. ఊర్మిళ అతని భుజం మీంచి వంగి చూసింది.

"గీ దండేది నీ దానికి?"

"అది ఇంజన్ది గాదు. జనం కట్టిండ్రు."

"గీ బఫర్ మీది బొట్టు? గిది అత్తమ్మ పెట్టిందే గదా?"

"అదీ అంతే. ఇంజన్ది గాదు. మోడల్ల గవి పెట్టరు."

"మసి పెట్టినవ్?"

"అది ఇంజన్ల నుంచే అస్తది."

"చక్రాల మీద మట్టి? అది ఇంజన్ల నుంచే అస్తదా?"

సుదర్శన్ తల గోక్కున్నాడు. "అది తొవ్వ పొంటి అంటుకుంటది..."

"మరి బొట్టూ తొవ్వ పొంటి అంటుకున్నదే. మట్టికున్న ఇలువ మా అత్తమ్మకు లేదా?"

గడప దగ్గర కూర్చుని అన్నీ వింటున్న చిన్నవ్వ కొంగుతో మొహం తుడుచుకుంటున్నట్టు చేసి నవ్వు దాచుకుంది.

సుదర్శన్ ఫొటోను పెద్దది చేశాడు. బఫర్ తెరంతా నిండింది. నల్లటి ఇనుము మీద, నట్టనడుమ కూడా కాదు, కాస్త పక్కకు జరిగి, తల్లి వేలి గుర్తు. ఇంజను మీద గీత గీతా కొలిచిన తను ఈ ఒక్కదాన్నీ చూసి చూసి వదిలేశాడు. ఆ రోజు ఇంజను ఎలా ఉందో అలాగే చేశానని కదా ఇన్నాళ్లూ చెప్పుకుంటున్నది. ఆ రోజు ఇంజను ఇలా ఉంది.

అతను లేచి చొక్కా చేతులు మడిచాడు.

మూతి మీది రంగంతా తీసి, మళ్లీ కలిపి, సన్నగా కొట్టాడు. పొద్దు వాలేలోగా ఆరింది. చక్రాలు విప్పి నిమ్మరసం కడిగి మట్టి మళ్లీ పూశాడు. దండ పని ఊర్మిళ తీసుకుంది. మగ్గం సూదితో, సిరిసిల్ల నుంచి ఎప్పుడో ముత్యం పంపిన పసుపు దారం పోగును ముళ్లు ముళ్లుగా వేస్తూ పోయింది. ముడి ఒక్కొక్కటి ఒక బంతిపువ్వు. ముడి లావైతే అతను ఒప్పుకోడు. "గంత పువ్వు ఏ తోటల పూస్తది?" అని విప్పించాడు. ఆమె మూడోసారి విప్పుతూ, "నా పెండ్లి దండకు గింత తిప్పలు వడలే" అంది.

నిమ్మకాయలకు ఆవగింజలు తెచ్చింది చిన్నవ్వ. సుదర్శన్ స్కేలు పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

"గిది కొబ్బరికాయంత అయితది అవ్వా. ఇంకా సన్నది కావాలె."

"గసగసాలు?"

"బత్తాయంత."

ఆమె వంటింట్లో డబ్బాలన్నీ మూతలు తీసి చూసి, చివరికి ఉప్మా రవ్వ చిటికెడు తెచ్చి పసుపు నీళ్లలో వేసింది. భూతద్దం కింద ఆ పలుకులు అచ్చం నిమ్మకాయల్లా మెరిశాయి. రెండు పలుకులు పట్టాల మీద అంటించారు.

మిగిలింది బొట్టు. సుదర్శన్ చీపురు పుల్ల కొన చెక్కి సిందూరంలో ముంచాడు. ఉదయం నుంచి పడ్డ అవస్థకు వేళ్లు అతని మాట వినడం లేదు.

"ఇటియ్యి," అంది చిన్నవ్వ.

"నీకు కనవడది అవ్వా."

"నువ్వు అద్దం వట్టుకో. నా చెయ్యి నేను సూస్కుంట."

నలభై ఏళ్లుగా బీడీ మొనలు మడుస్తున్న వేళ్లు అవి. అద్దం కింద పెసరగింజంత బఫర్ మీదికి పుల్ల కొన దిగింది, తాకింది, లేచింది. నడుమ కాకుండా కాస్త పక్కకు.

"నడుమల పెట్టలేదేందే?" అన్నాడు సుదర్శన్.

"ఆ దినం నడుమల అందలే గదరా."

ఆదివారం మధ్యాహ్నం జగిత్యాలలో యోహాను ఇంటి ముందు షామియానా కింద బగారన్నం వాసన గుమ్మంటోంది. ప్రార్థన అయిపోయింది. మెడలో రెండు పూలదండలతో కూర్చున్న యోహాను ముందు బల్ల మీద సుదర్శన్ చెక్కపెట్టె పెట్టి మూత తీశాడు. మాట్లాడుతున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి వచ్చి చుట్టూ మూగారు. ఎవరో వెనక నుంచి "ఏంది, బొమ్మనా?" అన్నారు. సుదర్శన్ విననట్టే ఉన్నాడు. అతను చూస్తున్నది యోహాను మొహం ఒక్కటే.

యోహాను కళ్లద్దాలు పెట్టుకున్నాడు. తీశాడు. తుడిచి పెట్టుకున్నాడు. ముందు చక్రాలు చూశాడు. రెండు దగ్గరగా, ఒకటి ఎడంగా. పట్టాల నడుమ గోరు పెట్టి చూశాడు. నెత్తి మీద మసి, చెరిగిన అంకె, కిటికీ మీద ఒంగిన వైపరు. వైపరు దగ్గర ఆయన పెదవి ఒక పక్కకు కదిలిందేమో అనిపించింది, అంతే. ఊర్మిళ చిన్నవ్వ చెయ్యి పట్టుకుంది.

యోహాను ఇంజనును తన వైపు తిప్పుకుని ముందు నుంచి వంగి చూశాడు. దండ చూశాడు. పట్టాల మీద రవ్వ పలుకులు చూశాడు. ఎడమ బఫర్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. ముక్కు దానికి తాకేంత దగ్గరగా వంగాడు. ఎడమ చెయ్యి దానంతట అదే పోయి చొక్కా మీద, గుండె దగ్గర ఆనింది.

"రూతా!" అని గట్టిగా పిలిచాడు. "ఓ రూతమ్మా! ఇటు రా!"

ఆయన భార్య రూతమ్మ గరిటె చేత్తోనే వచ్చింది. "ఏందయ్యా, బగార మాడుతది."

"ఆ దినం డ్యూటీ అంగి మీద ఎర్రమరక ఎక్కడిదని వారం దినాలు సతాయించినవ్ గదా, యాదికున్నదా? ఎవ్వతిదని గూడ అడిగినవ్."

"నలుగుర్ల గదెందుకిప్పుడు?"

"గిదిగో. గిక్కన్నుంచి అచ్చింది. గీ బఫర్ మీదికెళ్లి నా అంగి మీదికి." వేలు తాకించకుండా చూపించాడు. "నేను జెప్తే నమ్మకపోతివి. సూడు. ఇగో, నా బండి సాక్ష్యం."

రూతమ్మ వంగి, కళ్లు చికిలించి చూసింది. "గింత సుక్కనా? మూడు సబ్బులు అరగదీసిన, పోలే!"

"అంజన్న సిందూరం బిడ్డా, పోదు," అంది చిన్నవ్వ వెనక నుంచి. "పెట్టింది నేనే."

"నువ్వేనా అవ్వా? నీ పుణ్యమాని వారం రోజులు ఇంట్ల నాతోని మాట్లాడలే గీమె," అన్నాడు యోహాను. షామియానా కింద నవ్వులు గుప్పుమన్నాయి. రూతమ్మ గరిటెతో కొట్టబోయినట్టు చేసి, చిన్నవ్వ చెయ్యి పట్టుకుని ముందు వరుస కుర్చీలో కూర్చోబెట్టింది.

భోజనాలకు పిలుపు వచ్చింది. అందరూ లేచారు. సుదర్శన్ కూడా రెండడుగులు వేసి, వెనక్కి చూసి ఆగిపోయాడు. యోహాను ఇంకా బల్ల దగ్గరే ఉన్నాడు. బల్ల కొద్దిగా ఒక పక్కకు ఒరిగి ఉంది. ఆయన పళ్లు కుట్టుకునే పుల్ల ఒకటి తీసి రెండుగా విరిచి, ఒక ముక్కను ముందు చక్రం కింద, ఇంకో ముక్కను వెనక చక్రం కింద జాగ్రత్తగా దూర్చాడు. ఇంజనును ఒక వేలితో మెల్లగా నెట్టి చూశాడు. కదల్లేదు.

"ఏం తమ్మీ," అన్నాడు కోపంగా, సుదర్శన్ వైపు తిరిగి. "వాలున్న కాడ చక్రం కింద చెక్క పెట్టకుండ బండి నిలవెడ్తరా ఎవలన్న? ఉరికితే ఎవలు జిమ్మేదారి?"

"తప్పయిందన్నా," అన్నాడు సుదర్శన్. అలా తిట్లు తింటూ అంత వెలిగిన మొహాన్ని ఊర్మిళ అంతకుముందు ఎన్నడూ చూడలేదు.